లోకల్ మాల్

జూన్ 9, ఆదివారం

రెక్సిన్ కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ సీట్ల కొలతలు రాసుకోవడానికే పనికొచ్చింది. ఈ రోజు మా కారు సీట్ల దుకాణంలో ఒక్కణ్ణే ఉన్నాను, మాట్లాడటానికి ఎవరూ లేరు, అందుకని రాస్తున్నాను.

ఉస్తాద్ చర్చికి పోయాడు. ఆదివారం ఆయన దుకాణం గడప తొక్కడు. నలభై ఏళ్ళుగా అదే పట్టు. నేనే షటర్ సగం లేపి అటక సర్దాను. వానలకు ముందు ఆదిలాబాద్ నుంచి బొంతలు కుట్టే సక్కుబాయి వస్తుంది. బండి వాళ్ళు వద్దని వదిలేసిన పాత సీటు గుడ్డలన్నీ ఏటా ఆమెకే ఇస్తాం. ఇవాళ వచ్చింది. ఈసారి రెండు గోనె సంచులు నిండాయి. ప్రేమ్‌చంద్ సార్ జపాన్ కారు సీట్ల నుంచి విప్పి అటక మీద పెట్టిన గుడ్డ కూడా అందులో వేసి పంపాను. వెలిసిపోయిన నీలం, మధ్యలో సన్నటి ఎర్ర చారలు, ముప్పై తొమ్మిదేళ్ళ చెమట వాసన. దాన్ని మళ్ళీ ఎవరు వేసుకుంటారు?

ఆ కారు ఫోటోలు ఫోన్‌లో వెతికి చూశాను. బయటి దేశాలకు పంపిన మోడల్ లోపల నల్లటి తోలు, చూస్తే కళ్ళు చెదిరిపోయాయి. సార్ కారులోది గుడ్డ. అంటే అక్కడ వాళ్ళ ఊళ్ళల్లో తిరగడానికి చేసిన లోకల్ మాల్ అన్నమాట. సిరిసిల్లలో బాపు సాంచాల మీద నేసేటప్పుడు ఎక్స్‌పోర్ట్ అని రాసిపెట్టిన తానును మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. పోగు తప్పిందీ, మరక పడిందీ లోకల్‌కు పోయేది. మా ఒంటి మీదికీ అదే వచ్చేది. ఏది మంచిదో, ఏది మిగిలిందో నాకు ఒకరు చెప్పాలా?

ఎక్స్‌పోర్ట్ మోడల్ లాగా తోలు వేసి ఇస్తే సార్ మురిసిపోతాడు. ఉస్తాద్‌కు నెమ్మదిగా చెప్పి ఒప్పిస్తాను. అటక ఖాళీ అయింది. పీడ పోయింది.

జూలై 2

ఫోమ్ ఇంకా రాలేదు. కారు ఇంజిన్ పని కోసం మెకానిక్ దగ్గరే ఉంది. తోలు సంగతి ఉస్తాద్‌కు ఇంకా చెప్పలేదు. తొందరేముంది?

అక్టోబర్ 14, సోమవారం

ఇవాళ జరిగినదంతా సరిగ్గా రాయాలి.

ప్రేమ్‌చంద్ సార్ వచ్చాడు. కాగజ్‌నగర్ పేపర్ మిల్లులో ఇంజనీరుగా చేసి రిటైర్ అయిన మనిషి. ఎనభైల్లో రెండేళ్ళు జపాన్‌లో పని నేర్చుకుని, వచ్చేటప్పుడు ఈ రెండు తలుపుల స్పోర్ట్స్ కారును ఓడలో తెచ్చుకున్నాడు. ఆయనా, మా ఉస్తాద్ సామ్యూలూ చిన్నప్పుడు మిషన్ హాస్టల్‌లో ఒకే బెంచీ. ఇంజిన్ పని అయిపోయి కారు మా దుకాణానికి వచ్చింది, ఇక సీట్లే మిగిలాయి.

సార్ నన్ను లోపల కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చూపించాడు. చిన్న పిల్లాడికి బొమ్మ దొరికినంత సంబరం.

"గీ మీటర్ సూడు రాకేశ్, నూట ఎనభై కాడ ఆగింది. బయటికి పంపినోటికి ఇంకా ముందుకు ఉంటది, కొన్నిట్ల మైళ్ళల్ల ఉంటది. గీ ఎర్ర కడ్డీ ఏందో ఎరికేనా? బండి రోడ్డు మీద ఆగిపోతె వెలిగించి పెట్టాలె. ఆ దేశంల తిరిగే ప్రతి బండిల ఉండాలె, బయటోళ్ళ బండ్లల్ల కనవడది. రేడియో తొంభై కాడికే, మన స్టేషన్ ఒక్కటి పలుకది. ఇగ అసలుది సీట్ల గుడ్డ. బయటికి పంపినోటికి తోలు గుంజిన్రు. తమ ఇంట్ల కోసం చేసుకున్నదానికి గీ గుడ్డ నేయించుకున్నరు. ఇప్పుడు దునియాల యాడ ఎతికినా దొరకది."

"తోలు మంచిది కదా సార్?" అన్నాను.

"మంచిదే. నాకు మంచిది వద్దు, నాది కావాలె." అని ఉస్తాద్ వైపు తిరిగి, "సామ్యూలూ, గుడ్డ భద్రంగ ఉన్నది గద?" అన్నాడు.

"ఉండకేం? అటక మీద నేనే కట్టి పెట్టిన," అని ఉస్తాద్ నిచ్చెన తెమ్మన్నాడు. నేనే తెచ్చాను. ఆయన ఎక్కుతుంటే కింద పట్టుకున్నది కూడా నేనే. పైన డబ్బాలు జరిపిన చప్పుడు. తరువాత చప్పుడు లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి అటక మీద మోకాళ్ళ మీద కూర్చుని, "ఈడనే పెట్టినట్టు యాది... ఈడనే గద," అని తనలో తాను అనుకుంటున్నాడు.

చెప్పాలనే నోరు తెరిచాను. సార్ ముందు ఎందుకు, ఆయన పోయాక చెబుదామని మూసుకున్నాను. సార్ పోయాక ఉస్తాద్ నన్ను చూసి, "నేనే యాడనో పెట్టి మర్శిన రా," అన్నాడు.

నన్ను అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి.

అక్టోబర్ 15

ఈ రోజు చెబుతాను.

అక్టోబర్ 16

చెప్పలేదు. ఉస్తాద్ కూతురు మహిమక్క ఫోన్ చేసింది. సర్కారు దవాఖానలో నర్సు. ఉస్తాద్ రాత్రి బీరువాలు, మంచం కింద పెట్టెలు అన్నీ బయటికి లాగి వెతికాడట. "బాపు గిట్ల ఎన్నడు చెయ్యలే. దుకాణంల ఏమన్న అయ్యిందా?" అని అడిగింది. ఏమీ కాలేదన్నాను.

గోపాల్ గుర్తుకొచ్చాడు. నాతోపాటు పనిచేసేవాడు. ఒకసారి ఒక డాక్టరు కారు తలుపు పిడి పోగొట్టి, ముందే లేదని చెప్పాడు. ఉస్తాద్ వెతికి వెతికి నిజం కనుక్కుని ఆ రోజే పంపేశాడు. "పిడి పోతె ఇంకోటి తెస్త. నీ మాట పోయింది, అదెక్కడ తెచ్చేది?" అన్నాడు. ఆ తర్వాత ఆ పేరు ఎత్తనివ్వలేదు. పన్నెండేళ్ళు ఈ దుకాణంలో నా వేళ్ళు చిల్లులు పడ్డాయి. ఉస్తాద్‌కు కొడుకు లేడు. దుకాణం ఎవరికి వస్తుందో మార్కెట్‌లో అందరికీ తెలుసు.

అక్టోబర్ 21

నిజం చెప్పాలంటే ఆయన మరచిపోవడం ఇవాళ కొత్త కాదు. పోయిన నెల కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని వెతికాడు. దసరాకు ముందు ఒక ఇన్నోవా సీటు కొలత రెండుసార్లు తీశాడు. వయసు మీద పడుతోంది. గుడ్డ సంగతి లేకపోయినా ఇది బయటపడేదే.

అట్లా నేనూ వెతుక్కుంటాను. కళ్ళజోడు పెట్టుకోను కాబట్టి ఫోన్ వెతుక్కుంటాను. అది వేరే విషయం.

నవంబర్ 4

నిన్న చర్చిలో ఉస్తాద్ పుస్తకం చూసి పాట పాడాడట. మహిమక్క చెప్పింది. ఆయనకు పాటల పుస్తకం ముట్టుకునే అవసరం ఎన్నడూ రాలేదు. ఎవరు ఏ పాట ఎత్తినా అన్ని చరణాలూ నోటికి వచ్చేవి. నిన్న మాత్రం వేలు పెట్టి ఒక్కొక్క మాట చదివాడట.

"యాదికుంది గని, తప్పు పోతనేమో అని బుగులైతుంది బిడ్డా," అన్నాడట.



నవంబర్ 11

సీట్లకు కొత్త ఫోమ్ వేసి, మీద పాత దుప్పట్లు కప్పాం. సార్ పట్టుబట్టి మమ్మల్ని ఇద్దరినీ బైపాస్ మీద తిప్పాడు. ఆ కారు వెనక సీటు మనుషుల కోసం చేసింది కాదు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని నేను కూర్చున్నాను.

నూట ఐదు దాటగానే లోపల ఎక్కడో టింగ్, టింగ్, టింగ్ అని గంట మొదలైంది. సార్ పగలబడి నవ్వాడు. "ఇది సుత ఇంటి బండ్లకే. బయటికి పంపినోటికి పెట్టలె. నువ్వు తక్కువ జేసేదాంక మోగుతనే ఉంటది."

ఉస్తాద్ కూడా నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. తరువాత మోకాలి కింద ఉన్న దుప్పటిని చేత్తో సరిచేసి, "ప్రేమూ, నీ గుడ్డ పోగొట్టిన. నన్ను మాఫ్ చెయ్యి," అన్నాడు.

"పోనియ్ సామ్యూలూ. మన వయసుల గివన్ని మామూలే." సార్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. తిట్టినా బాగుండేది. ఆ జాలి చూసి ఉస్తాద్ కిటికీ వైపు తిరిగిపోయాడు. గంట మోగుతూనే ఉంది, సార్ గమనించలేదు. చివరికి నేనే అరిచాను, స్పీడ్ తగ్గించండి అని.

నవంబర్ 18

ఉదయం షటర్ తీస్తుంటే ఉస్తాద్ పరుగులాంటి నడకతో వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"యాదికొచ్చింది రా! నేనే ఇచ్చిన. సక్కుబాయి రాలే? ఆమెకు నేనే నా చేతులతోని ఇచ్చిన. ఆకుపచ్చ చీర కట్టుకొని వచ్చింది. సంచి నేనే ఎత్తిచ్చిన ఆమె నెత్తికి. నేనన్న, తీస్కపో అవ్వా అని."

సంచి ఎత్తించింది నేను. ఆమె ఆ రోజు ఏ చీర కట్టుకుందో నాకే తెలియదు. ఆయన మాత్రం చీర రంగుతో సహా చెబుతున్నాడు. వెతికీ వెతికీ, దొరకక, తానే ఒక జ్ఞాపకం నేసుకున్నాడు.

"అయితే ఇంక వెతకక్కర్లేదు ఉస్తాద్," అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మాట అది. రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది. అయినా ఆయనకు శాంతి దొరికింది కదా. ఒక విధంగా మంచిదే జరిగింది.

మధ్యాహ్నం ఆయన కుట్టు మిషన్ ముందు కూర్చుని ఏడ్చాడు. "ఇన్నేండ్లల్ల బండోళ్ళ వస్తువు ఒక్కటి బయటికి పంపలే. నేనే పంపిన అంటే నా తలకాయ పాడైందన్నట్టే గద," అన్నాడు.

నవంబర్ 27

మహిమక్క ఆయన్ను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. గడియారం బొమ్మ గీయమన్నారట. గుండ్రంగా గీసి, అంకెలు వేయకుండా ఆగిపోయాడట. తారీఖు అడిగితే చెప్పకుండా కూతురి ముఖం చూశాడట. ఇప్పుడే ఏమీ తేల్చలేమని, నిద్రకూ దిగులుకూ మాత్రలు రాసి, రెండు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

"అంకెలు, తారీఖు అన్ని తెలుసు రాకేశ్, నేను తప్పు జెప్తె మహిమ ఏడుస్తదని జెప్పలె," అని నాతో అన్నాడు ఉస్తాద్.

డిసెంబర్ 5

మాత్రలతో పొద్దంతా మగతగా ఉంటున్నాడు. ఇవాళ మంచి తోలు ముక్కను తలకిందులుగా పెట్టి కోశాడు. కోశాక చూసుకుని కత్తెర కింద పెట్టాడు. ఆ కత్తెర ఆయన ఉస్తాద్ ఆయనకు ఇచ్చింది, పిడికి చుట్టిన గుడ్డ పట్టీ ఆయన చెమటకు నల్లబడి ఉంటుంది. పన్నెండేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా ముట్టనివ్వలేదు.

"ఇగ ఇది నీది," అన్నాడు. "నాతోని కాదు."

వద్దనాలి. రెండు చేతులతో తీసుకున్నాను.

డిసెంబర్ 9

కత్తెర చాలా బాగా తెగుతుంది.

డిసెంబర్ 16

ఉస్తాద్ వారం నుంచి దుకాణానికి రావడం లేదు. స్కూటర్ తాళాలు మహిమక్క దాచిపెట్టింది. క్రిస్మస్ నాడు బైబిల్ పాఠం ప్రతి ఏడూ ఆయనే చదువుతాడు, ఈసారి వేరే ఎవరినైనా చూసుకోమని పాస్టర్‌కు కబురు పంపాడట. సంక్రాంతి తర్వాత దుకాణం నా పేరు మీద రాయిస్తారట. ఇవన్నీ మహిమక్క ఒకే ఫోన్‌లో చెప్పింది. చివరన, "నువ్వు ఉన్నవని ధైర్యంగ ఉంది తమ్మీ," అంది.

నాకు కావలసింది దొరికింది. దొరికిన రోజు నుంచి కుట్టు ఒక్కటీ సూటిగా పడటం లేదు.

డిసెంబర్ 19

పోయి చెప్పాను. చెప్పేశాను!

ఉస్తాద్ మంచం మీద కూర్చుని ఉన్నాడు, మహిమక్క పక్కన ఉల్లిగడ్డలు కోస్తోంది. గుడ్డ సక్కుబాయికి ఇచ్చింది నేనే, నీకు చెప్పకుండా ఇచ్చాను, నీకు మతిమరుపు లేదు ఉస్తాద్ అన్నాను. ఒక్క గుక్కలో అన్నాను.

ఉస్తాద్ లేచి వచ్చి నా తల నిమిరాడు.

"నా కోసం నీ మీద ఏసుకుంటున్నవా బిడ్డా? నాకు ఎరికే. ఆకుపచ్చ చీర, నా కండ్ల ముంగట ఉన్నది. నువ్వైతె ఆ దినమే జెప్తుంటివి. పన్నెండేండ్ల సంది చూస్తలేనా?"

మహిమక్క కొంగు కళ్ళకు అద్దుకుంది. "గిట్లాంటి మనిషి దొరకాలె," అంది.

ఎంత చెప్పినా వినలేదు. నేను గట్టిగా అనేకొద్దీ వాళ్ళకు నా మీద ప్రేమ పెరుగుతోంది. ఈ డైరీ చూపిస్తే నమ్ముతారు. జూన్ పేజీ ఉంది. కానీ కత్తెర గురించి రాసిన డిసెంబర్ 9 పేజీ కూడా ఇందులోనే ఉంది.

చెప్పాల్సింది చెప్పాను. నమ్మకపోతే నా తప్పా?

డిసెంబర్ 22

పాస్టర్ గారు దుకాణానికి వచ్చి నా చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నారు. పక్క దుకాణం కైలాసం కూడా, "గురువు కోసం నింద మోస్తున్నవంట గద!" అన్నాడు. ఊరంతా నాకు దండ వేసేలా ఉంది. తలుపు మూసుకుని కూర్చోవాలనిపించింది.

డిసెంబర్ 25, బుధవారం

మహిమక్క పిలిస్తే చర్చికి పోయాను. ఉస్తాద్ ఎప్పుడూ ముందు వరుసలో ఉండేవాడు, ఈసారి చివరి బెంచీలో ఉన్నాడు. పాఠం ఒక యువకుడు చదివాడు. ఉస్తాద్ పెదవులు చదివేవాడి కంటే ఒక మాట ముందుగా కదులుతున్నాయి. ఒక్క మాట కూడా తప్పలేదు. పక్కనే కూర్చుని చూశాను.

బయటికి వచ్చాక కేకు ముక్క నా చేతిలో పెట్టి, మెల్లగా అన్నాడు. "ముందు ముందు నేను నిన్ను గుర్తు పట్టకపోతె కోపం తెచ్చుకోకు రా. రోగం గట్లనే ఉంటదట. 'నేను రాకేశ్‌ను ఉస్తాద్' అని నువ్వే యాది చెయ్యి, ఇసుక్కోకు."

ఆయనకు రోగం లేదు. ఆయన రోగం నేను.

రేపు ఆదిలాబాద్ బస్సు ఎక్కుతాను.

డిసెంబర్ 27

సక్కుబాయి దొరికింది. ఇల్లు పట్టుకోవడానికి రోజంతా పట్టింది. నిర్మల్ దాటాక చలి ఎముకల్లోకి దిగింది. ఊరి చివర రేకుల ఇల్లు, ముందర దండెం మీద బొంతలు ఆరేసి ఉన్నాయి. మూడో బొంతలో ఉంది అది. నీలం మీద ఎర్ర చారలు. చుట్టూ పాత చీర ముక్కలు పెట్టి, మధ్యలో మొత్తం ఆ గుడ్డే వేసి కుట్టింది. కొట్టుకుపోయిన మనిషి ఒడ్డు చూసినట్టు దాన్ని పట్టుకున్నాను.

"అరే, ఇడువు! గది నా మనుమరాలి గోధడి," అని సక్కుబాయి అరిచింది. తరువాత నన్ను పోల్చుకుంది. "కరీంనగర్ సీట్ల దుకాణమోడివి గద? ఏమైంది బాబా, గిట్ల పరేషాన్ ఉన్నవ్?"

ఈ గుడ్డ నీకు ఎవరిచ్చారో గుర్తుందా అని అడిగాను.

"ఎవలిచ్చుడేంది? నువ్వే ఇస్తివి. రవివారం నాడు. షటర్ సగమే లేసి ఉండె, వంగి లోపటికి వస్తె నెత్తికి తాకింది నాకు. నేనన్న, గిది మంచిగున్నది, గట్టి గుడ్డ, మీ ముసలాయనను అడుగుమని. నువ్వన్నవ్, లోకల్ మాల్, తీస్కపో అని."

అడుగుమని అన్నదా? ఆ మాట నాకు గుర్తులేదు. జూన్ పేజీలో కూడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. అంది. ఆమె అడుగుమని చెప్పింది, నేను అడగలేదు.

ఉన్న గుడ్డ అంతా ఈ ఒక్క బొంతకే సరిపోయిందట. ఏమీ దాచకుండా మొత్తం చెప్పాను. ఉస్తాద్ సంగతి వినగానే ఆమె దండెం మీద నుంచి బొంత లాగి మడతపెట్టింది. చలికి పిల్ల ఎట్లా పడుకుంటుందని అడిగితే నా వైపు చూసింది. నా కొత్త రగ్గు, పైన వేసుకున్న జర్కిన్ అక్కడే ఇచ్చేశాను. ఆమె ఫోన్ నంబరు రాసుకుని, బస్సులో బొంత కప్పుకునే వచ్చాను. సీటు వాసన ఇంకా ఉంది.

డిసెంబర్ 30, సోమవారం

నిన్న ఆదివారం, పోలేదు. వాళ్ళు చర్చి నుంచి వచ్చి ఒకచోట ప్రశాంతంగా కూర్చునే రోజు పాడుచేయకూడదు అనుకున్నాను. అది సాకు. భయపడ్డాను.

ఇవాళ ఉస్తాద్‌ను దుకాణానికి తీసుకురమ్మని మహిమక్కకు చెప్పాను. బొంత బల్ల మీద పరిచాను. ఉస్తాద్ వచ్చి చారల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. అప్పుడు సక్కుబాయికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. ఆమె నాతో చెప్పినవన్నీ మళ్ళీ చెప్పింది. షటరు, నెత్తికి తాకిన దెబ్బ, అడుగుమన్న మాట, లోకల్ మాల్.

ఉస్తాద్ ఒక్కటే అడిగాడు. "ఏ దినం అవ్వా?"

"రవివారం. ఆదివారం."

"నిజంగ ఆదివారమేనా?"

"అగో, ఆదివారం బజార్ల పల్లీలు తిన్న నేను. నీ దుకాణంల నువ్వు లేవు. గీయన ఒక్కడే."

ఉస్తాద్ ఫోన్ వైపు చూసి, మహిమక్క వైపు చూసి, "ఆదివారం నేను దుకాణానికి రాను," అన్నాడు. తరువాత మళ్ళీ అన్నాడు, "నలభై ఏండ్లు. ఆదివారం నేను రాను బిడ్డా." మూడోసారి కూడా అదే అన్నాడు. స్టూల్ మీద కూర్చుని రెండు చేతులతో తన తలను పట్టుకున్నాడు. నెత్తిని నిమురుకుంటూ, "మంచిగనే ఉన్నది, మంచిగనే ఉన్నది," అని ఏడ్చాడు. అంత సంతోషం చూడలేక నేను గోడ వైపు తిరిగాను.

మహిమక్క నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను.

"రెండు నెలల సంది మా బాపు నిద్ర పోలె," అంది. "గోలీలు నా చేతులతోని మింగించిన. నువ్వు సూస్తనే ఉన్నవ్."

"అవును అక్కా."

"ఎందుకు జెప్పలె?" ఇది ఉస్తాద్ అడిగాడు. కళ్ళు తుడుచుకుని సూటిగా చూస్తున్నాడు. ఆ చూపులో మగత లేదు.

భయమని చెప్పొచ్చు. ఈ డైరీలో అట్లానే రాసుకున్నాను. "మొదట బుగులైంది ఉస్తాద్. తర్వాత కత్తెర కావాలనిపించింది," అన్నాను.

కత్తెర తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన తీసుకుని బొటనవేలు అంచు మీద నడిపించాడు.

"ధార పోగొట్టినవ్," అన్నాడు.

సాన రాయి తీసుకుని, నీళ్ళు చల్లి, సాన పట్టడం మొదలుపెట్టాడు. సాన పడుతూ తనకు తాను పరీక్ష పెట్టుకున్నాడు. మొదటిసారి కుట్టిన అంబాసిడర్ సీటు ఎవరిదో చెప్పాడు. ఆ ఇంటి పేరు, ఆ కారు రంగు చెప్పాడు. శ్రీరాంపూర్ గని ఆఫీసు జీపుకు ఎన్ని గజాలు పట్టిందో చెప్పాడు. మహిమక్క పుట్టినప్పుడు వాన ఎట్లా కురిసిందో చెప్పాడు. అది వింటూ మహిమక్క మళ్ళీ ఏడ్చింది. నన్ను కొన్ని అడిగాడు, నేను అవునని చెప్పాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్కటి కూడా తప్పలేదు.

"రేపు ప్రేమ్ వస్తడు," అన్నాడు తల ఎత్తకుండా. "గుడ్డ ఇడదీసి సూస్తె ఒక్క సీటుకు సరిపోతదేమో. ఆయనకు నువ్వే జెప్పాలె. అంత జెప్పాలె, కత్తెర ముచ్చట సుత."

"చెప్తా ఉస్తాద్."

"నువ్వు మొదలొచ్చిన దినం వాన. మీ అవ్వ ఎంట వచ్చింది, చేతిల పసుపు సంచి. గీ స్టూల్ మీదనే కూసోబెట్టిన. ఆ దినం నీకు ఏం జెప్పిన?"

ఆయన రాయి మీద కత్తెర ఆపి, నేను చెప్పేదాకా చూశాడు.

"బండోళ్ళ వస్తువు ఒక్కటి బయటికి పోవద్దన్నవ్."

"గదే. నాకు యాదికున్నది," అన్నాడు.

కత్తెరను గుడ్డతో తుడిచి తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. తరువాత బొంత అంచు దగ్గర కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. నన్ను పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. నేను రెండో అంచు దగ్గర కూర్చుని సాయంత్రం దాకా విప్పాను.